ఇస్రోలో ఇంజనీరు కావాలనుకునే అమ్మాయిలకు: తొమ్మిదో తరగతి నుంచి నియామక పత్రం దాకా ఏం చేయాలి

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగిన కాసేపటికి, బెంగళూరు కంట్రోల్ రూమ్‌లో మైకు అందుకున్నవారిలో ఆ ప్రాజెక్టు అసోసియేట్ డైరెక్టర్ కల్పన కాళహస్తి ఒకరు. ఆవిడ మన చిత్తూరు జిల్లా వారు. పది రోజులు తిరగకుండానే, సెప్టెంబరు 2న, శ్రీహరికోట నుంచి సూర్యుడిని పరిశీలించే ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. దాని ప్రాజెక్టు డైరెక్టర్ తమిళనాడులోని సెంగోట్టైలో పుట్టి పెరిగిన నిగార్ షాజీ. అప్పటి నుంచి నా క్లాసులోని అమ్మాయిలు, వాళ్ళ చెల్లెళ్ళు, అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “మేడమ్, అక్కడికి వెళ్ళాలంటే ఏం చదవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?” నేను ఒక జిల్లా ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇస్రో సైంటిస్ట్/ఇంజనీర్ ఉద్యోగాలకు ఆడవారికి వేరే కోటా లేదు, అబ్బాయిలకు వేరే కటాఫ్ కూడా లేదు. ఒకే పరీక్ష, ఒకే ఇంటర్వ్యూ. నేను చూసినంతలో మన అమ్మాయిలు వెనకబడింది తెలివి చాలక కాదు. బీటెక్ రెండో సెమిస్టర్‌లో పోయిన ఒక సబ్జెక్టు, తప్పు ఫార్మాట్‌లో తెచ్చిన కుల ధ్రువీకరణ పత్రం, ఎవరూ చూడని ఒక మెయిలు వంటి చిన్న విషయాల దగ్గర ఆగిపోయారు. అందుకే ఈ వ్యాసంలో పెద్ద మాటల కంటే ఆ చిన్న విషయాల మీదే ఎక్కువసేపు నిలుస్తాను.

కావలసినవి

ఇంటర్‌లో ఎంపీసీ. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్‌లలో ఏదో ఒక బ్రాంచిలో బీటెక్, అందులో కనీసం 65 శాతం లేదా 10కి 6.84 సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు). పదో తరగతి మెమో నుంచి చివరి సెమిస్టర్ మెమో దాకా అన్నీ ఒకే పేరుతో ఉన్న కాగితాలు. మీరు మాత్రమే తెరిచే మెయిల్ ఐడీ, మారని ఫోన్ నంబరు. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదిన్నర చదువు. వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే వెళ్ళడానికి ఇంట్లో ముందే కుదుర్చుకున్న ఒప్పందం. ఖరీదైన కోచింగ్ ఈ జాబితాలో లేదు. చేరగలిగితే మంచిదే, చేరలేకపోతే దారి మూసుకుపోదు.

1. బడిలో ఉంటే ‘యువిక’కు దరఖాస్తు చేయండి

యువిక అనేది తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో 2019 నుంచి నడుపుతున్న వేసవి కార్యక్రమం. ఎంపికైనవారు మే నెలలో సుమారు రెండు వారాలు ఏదో ఒక ఇస్రో కేంద్రంలో ఉండి శాస్త్రవేత్తలతో మాట్లాడతారు, ప్రయోగశాలలు చూస్తారు. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్‌లలో పాల్గొనడం లెక్కలోకి వస్తాయి. గ్రామ పంచాయతీ పరిధిలోని బడుల్లో చదివేవారికి అదనపు వెయిటేజీ ఉంటుంది. పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే అమ్మాయికి ఇది నిజమైన అవకాశం, కానీ సమయానికి ఎవరూ చెప్పక జారిపోతుంటుంది. సంక్రాంతి సెలవులు అయిన దగ్గర నుంచి మార్చి దాకా ఇస్రో వెబ్‌సైట్ చూస్తూ ఉండమని మీ సైన్స్ టీచరును అడగండి.

ఎంపిక కాకపోతే బాధపడకండి. తర్వాతి ఉద్యోగానికీ దీనికీ లంకె లేదు. నవోదయ విద్యాలయాల ద్వారా నడిచే విజ్ఞాన జ్యోతి కార్యక్రమం తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే అమ్మాయిల కోసమే ఉంది. దగ్గరలో ఆ విద్యాలయం ఉంటే అక్కడ విచారించండి.

2. ఇంటర్ తర్వాత బ్రాంచి ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోకండి

ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. రాకెట్లు అనగానే ఏరోనాటికల్ అనుకుని, ఆ బ్రాంచి ఎక్కడ దొరికితే అక్కడ, ఎంత ఫీజైనా కట్టి చేరుతున్నారు. ఇస్రో కేంద్రీయ నియామక మండలి పెద్ద సంఖ్యలో భర్తీ చేసేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ పోస్టులు. సివిల్, ఎలక్ట్రికల్, రిఫ్రిజిరేషన్, ఆర్కిటెక్చర్ పోస్టులకు అప్పుడప్పుడు విడిగా ప్రకటనలు వస్తాయి. ఏరోస్పేస్ పోస్టులు ఎక్కువగా తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం వంటివి తామే ఇచ్చే ప్రకటనల్లో, తక్కువ సంఖ్యలో కనిపిస్తాయి. పైన చెప్పిన ఇద్దరు మహిళలూ చదివింది ఎలక్ట్రానిక్సే. ఏరోనాటికల్ మీద నిజంగా మనసుంటే తప్పకుండా చేరండి, అది గొప్ప చదువు. కానీ ఇస్రో తలుపు దాని ద్వారానే తెరుచుకుంటుందని మాత్రం అనుకోకండి.

తిరువనంతపురంలో 2007లో మొదలైన అంతరిక్ష శాస్త్ర, సాంకేతిక సంస్థ, అందరూ ఐఐఎస్‌టీ అనేది, మరో దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఆధారంగా సీటు ఇస్తారు. రెండు హెచ్చరికలు: దాని దరఖాస్తు ఐఐటీల కౌన్సెలింగ్‌లో భాగం కాదు, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో విడిగా చేసుకోవాలి, ఈ సంగతి తెలియక మంచి ర్యాంకు వచ్చినవారు కూడా గడువు దాటబెట్టుకుంటున్నారు. రెండోది, అక్కడ చదివితే ఇస్రో ఉద్యోగం ఖాయమన్న మాట పూర్తి నిజం కాదు. సీజీపీఏ నిబంధన ఉంటుంది, ఆ ఏడాది ఖాళీలూ ఉండాలి.

ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు పోటీ పడుతుంటే, 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు ఉన్నాయని గుర్తుంచుకుని, పాత సంవత్సరాల ముగింపు ర్యాంకులు చూసేటప్పుడు అమ్మాయిల వరుసను విడిగా చూడండి. అది చూడకుండానే “నా ర్యాంకుకు రాదు” అని ఆప్షన్ పెట్టనివారిని చూశాను. ఎప్‌సెట్ ద్వారా మామూలు కళాశాలలో చేరినా చింత లేదు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. అమ్మాయిలకే ఇచ్చే ఈ సాయం ఏడాదికి 50,000 రూపాయలు, ఒక కుటుంబంలో ఇద్దరి దాకా వస్తుంది.

బైపీసీ చదివిన అమ్మాయిలూ అడుగుతుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పంటలు, అడవులు, నేలలు, భూగర్భ జలాలను ఉపగ్రహ చిత్రాల ద్వారా చదువుతుంది. అగ్రికల్చర్, బోటనీ, జియాలజీ వంటి చదువుల తర్వాత రిమోట్ సెన్సింగ్‌లో ఎంటెక్ చేసినవారికి అక్కడ పని ఉంది. దెహ్రాదూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఇచ్చే ఎంటెక్ పట్టా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే. ఆ సంస్థ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతుంది, రుచి చూడటానికి వాటితో మొదలుపెట్టవచ్చు.

పాలిటెక్నిక్ చదివేవారికి టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐ చదివినవారికి టెక్నీషియన్ పోస్టులు ఉంటాయి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారీ తెరిచే ఉంది.

3. బీటెక్ మొదటి రోజు నుంచి మార్కుల మెమో కాపాడుకోండి

ఈ అడుగు మీద కాస్త ఎక్కువసేపు నిలబడండి, ఎందుకంటే తర్వాత దిద్దుకోలేనిది ఇదొక్కటే. సైంటిస్ట్/ఇంజనీర్ ‘ఎస్‌సీ’ (ఇది పోస్టు గ్రేడు పేరు, కులానికి సంబంధించింది కాదు) పోస్టుకు అర్హత ఫస్ట్ క్లాస్ మాత్రమే కాదు. 65 శాతం సగటు లేదా 6.84 సీజీపీఏ ఉండాలి, పైగా ఆ పట్టాను విశ్వవిద్యాలయం నిర్దేశించిన కాలవ్యవధిలోనే పూర్తి చేసి ఉండాలి. అంటే నాలుగేళ్ళ కోర్సులో ఒక సబ్జెక్టు మిగిలిపోయి ఐదో ఏట సప్లిమెంటరీలో గట్టెక్కితే, మిగతా అన్నిటిలో 80 శాతం ఉన్నా చిక్కే.

శాతం లెక్క దగ్గర మరో తిరకాసు ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో కొన్ని రెగ్యులేషన్లలో సీజీపీఏ నుంచి 0.75 తీసి పదితో గుణించి శాతం ఇస్తారు. ఆ లెక్కన 65 శాతం రావాలంటే 7.25 సీజీపీఏ కావాలి. అదే ఇస్రో ప్రకటనలో సీజీపీఏ హద్దు 6.84. కాబట్టి మీ మెమోలో సీజీపీఏ ఉంటే సీజీపీఏగానే నమోదు చేయండి, సొంతంగా శాతంలోకి మార్చకండి. 7.0 సీజీపీఏ ఉన్న ఒక విద్యార్థిని తనే 62.5 శాతంగా మార్చుకుని, అర్హత లేదనుకుని, రెండేళ్ళు దరఖాస్తే చేయలేదు. నిజానికి ఆమెకు అర్హత ఉంది.

ఎలా సరిచూసుకోవాలి: ప్రతి సెమిస్టర్ ఫలితాలు రాగానే ఒక నోటుపుస్తకంలో మూడు విషయాలు రాయండి. అప్పటిదాకా సగటు ఎంత, మిగిలిన సబ్జెక్టులు ఎన్ని, వాటిని నాలుగో ఏడాది లోపు రాయడానికి మిగిలిన అవకాశాలు ఎన్ని. మూడో ఏడాది చివరికి సగటు 7.25 దాటి ఉంటే ఏ లెక్క చూసినా మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

4. మూడో ఏడాదిలో గేట్ సన్నాహం మొదలుపెట్టండి

ఇస్రో ఒక్కోసారి సొంత రాత పరీక్ష పెడుతుంది, ఒక్కోసారి గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు దేశమంతటా జరిగే పరీక్ష) స్కోరుతోనే ఇంటర్వ్యూకు పిలుస్తుంది. ఈసారి ఏది వస్తుందో ముందుగా చెప్పలేం కాబట్టి రెండింటికీ ఒకే చదువు చదవడం తెలివైన పని. గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, కానీ ఇస్రో ప్రకటన ఏ ఏడాది స్కోరు అడిగితే అదే కావాలి. బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నవారు కూడా గేట్ రాయవచ్చు. దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో.

ఇస్రో సొంత పరీక్షలో ప్రశ్నలు గేట్ కంటే చిన్నవి, వేగం ఎక్కువ కావాలి, తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు పదేళ్ళవి చేయండి. చేసేటప్పుడు గడియారం పెట్టుకుని, పూర్తయ్యాక తప్పులను మూడు రకాలుగా విడదీయండి: తెలియక తప్పినవి, తెలిసీ లెక్కలో తప్పినవి, ఊహించి పెట్టి తప్పినవి. మూడో రకం ఎక్కువగా ఉంటే చదువు పెంచడం కంటే పరీక్ష గదిలో చేయి ఆపుకోవడం నేర్చుకోవాలి.

నాకు తెలిసిన అమ్మాయిల్లో ఒక అలవాటు ఉంది, ప్రేమతోనే చెబుతున్నాను: నోట్సు అందంగా రాస్తారు, రంగురంగుల గీతలు గీస్తారు, లెక్కలు మాత్రం తక్కువ చేస్తారు. నోట్సు రాసిన గంటకు రెండు గంటలు లెక్కలు చేయాలి.

5. చేత్తో చేసిన పని ఒకటైనా ఉండాలి

ఇంటర్వ్యూలోనూ, స్టార్టప్‌లలోనూ మొదట అడిగేది మీ ప్రాజెక్టు గురించే. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. చిన్నదైనా సొంతదే చేయండి. ఖర్చు లేకుండా మొదలుపెట్టడానికి ఒక లెక్క చూపిస్తాను.

భూమి వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు. ఉపగ్రహం 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోందనుకోండి. రెండూ కలిపితే 6,778. భూమి గురుత్వ స్థిరాంకం 3,98,600ను దానితో భాగించి వర్గమూలం తీస్తే వేగం సెకనుకు 7.67 కిలోమీటర్లు వస్తుంది. కక్ష్య చుట్టుకొలతను ఆ వేగంతో భాగిస్తే సుమారు 5,550 సెకన్లు, అంటే ఒక చుట్టుకు 92 నిమిషాల పైచిలుకు. ఇప్పుడు దీన్నే పైథాన్‌లో పది వరుసల్లో రాయండి. ఎత్తు మారుస్తూ పట్టిక తీయండి. 35,786 కిలోమీటర్ల దగ్గర చుట్టు సమయం దాదాపు 23 గంటల 56 నిమిషాలు రావాలి. వస్తే మీ ప్రోగ్రాము సరైనదే. రాకపోతే ఎక్కువగా తప్పు ఒక్కచోటే ఉంటుంది: ఎత్తుకు భూమి వ్యాసార్థం కలపడం మరిచిపోయి ఉంటారు.

అక్కడి నుంచి మీ ఊరి మీదుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఎప్పుడు వెళుతుందో లెక్కగట్టి, డాబా ఎక్కి నిజంగానే ఆ సమయానికి కనిపించిందో లేదో చూడవచ్చు. సంధ్యవేళ, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు అది మిణుకుమనకుండా కదిలే ప్రకాశవంతమైన చుక్కలా కనిపిస్తుంది. మా విద్యార్థినులు ఇద్దరు ఈ లెక్కను చివరి ఏడాది ప్రాజెక్టుగా పెంచారు. లెక్కగట్టిన సమయానికీ కనిపించిన సమయానికీ తేడా నిమిషంలోపే వచ్చిన రాత్రి నాకు ఫోన్ చేసి ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఎవరు ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు.

డేటా మీద ఆసక్తి ఉంటే చంద్రయాన్-2 పరికరాల డేటా ఇస్రో అంతరిక్ష శాస్త్ర డేటా కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది, భువన్ పోర్టల్‌లో భూమి చిత్రాలు ఉంటాయి. ఇస్రో కేంద్రాల్లో విద్యార్థి ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు కళాశాల ద్వారా దరఖాస్తు చేయవచ్చు. స్టైపెండ్ ఆశించవద్దు, అలాగే ఎవరికీ డబ్బు కట్టవద్దు. డబ్బు తీసుకుని ఇస్రో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనేవారు మోసగాళ్ళే.

6. దరఖాస్తు నింపేటప్పుడు

ప్రకటన ఇస్రో అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటేనే నమ్మండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను చూసి దరఖాస్తు చేయకండి. ప్రకటన మొత్తం రెండుసార్లు చదివి, వయసు హద్దు, చివరి తేదీ, అడిగిన అర్హత కింద గీత గీయండి. ఇటీవలి ప్రకటనల్లో సాధారణ వయసు హద్దు 28 ఏళ్ళు. చివరి ఏడాది చదువుతున్నవారికి ఫలానా తేదీలోగా పట్టా పూర్తవుతుందనే షరతు మీద అవకాశం ఇస్తారు.

ఇక అమ్మాయిలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు. పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారుస్తారు, మార్కుల మెమోల్లో పుట్టింటి పేరే ఉంటుంది. దరఖాస్తులో ఎప్పుడూ పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఉద్యోగ ప్రయత్నాలు ముగిసేదాకా ఆధార్‌లో పేరు మార్చకపోవడమే నా సలహా. ఇప్పటికే మార్చి ఉంటే వివాహ ధ్రువీకరణ పత్రం సిద్ధంగా ఉంచుకోండి. మెయిల్ ఐడీ మీ సొంతదై ఉండాలి. నెట్ సెంటర్ అబ్బాయి తన మెయిల్ పెట్టి నింపిన దరఖాస్తుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చి, అతను చూడక, తేదీ దాటిపోయాక తెలిసిన సంగతి నా కళ్ళ ముందు జరిగింది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆ మెయిల్ ప్రింటు దాచుకుంది.

బీసీ అమ్మాయిలకు మరో ముఖ్యమైన మాట. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఇచ్చే ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ అయితే సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో చూడండి. ఈ పత్రాలు వారం రోజుల్లో వస్తాయని నమ్మి చివరిదాకా ఆగకండి.

ఫీజు విషయంలో మహిళలకు వెసులుబాటు ఉంది. ఇటీవలి ప్రకటనల్లో ముందుగా అందరూ కట్టి, రాత పరీక్షకు హాజరైన మహిళా అభ్యర్థులకు మొత్తం తిరిగి ఇస్తున్నారు. బ్యాంకు ఖాతా వివరాలు సరిగా ఇస్తేనే అవి వస్తాయి.

సరిచూసుకునే పద్ధతి: నింపిన దరఖాస్తును పంపే ముందు ఇంట్లో ఇంకొకరి చేతికి మెమోలు ఇచ్చి, మీరు తెర మీద ఉన్నది పైకి చదవండి. పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబర్లు, మార్కులు వాళ్ళు కాగితంలో చూసి సరే అనాలి. పది నిమిషాల పని.

7. ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ బరువు తక్కువేమీ కాదు. ఇటీవలి నియామకాల్లో రాత పరీక్షకు సగం, దానికి సగం విలువ ఇచ్చారు. బోర్డులో ఉండేది మీ సబ్జెక్టులో దశాబ్దాలు పనిచేసినవారు. సాధారణంగా ప్రాజెక్టుతో మొదలుపెట్టి, మీకు ఇష్టమైన రెండు సబ్జెక్టులు చెప్పమంటారు. అక్కడ మీరు చెప్పే పేర్లే మీ పరీక్ష. గొప్పగా ఉంటుందని తెలియని సబ్జెక్టు పేరు చెప్పకండి.

ప్రశ్నలు నిర్వచనాల కోసం ఉండవు, మూలం కోసం ఉంటాయి. ఉదాహరణకు ఎలక్ట్రానిక్స్ అమ్మాయిని, 36,000 కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహం 4 గిగాహెర్ట్జ్‌లో పంపే సిగ్నల్ భూమికి వచ్చేసరికి ఎంత బలహీనమవుతుందో నల్లబల్ల మీద లెక్కకట్టి చూపమనవచ్చు. జవాబు సుమారు 196 డెసిబెల్స్. సంఖ్య గుర్తుండటం ముఖ్యం కాదు; దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ ఎందుకు పెరుగుతుందో చెప్పగలగాలి. మెకానికల్ అమ్మాయిని పలుచటి గొట్టంలో వలయ దిశ ఒత్తిడి పొడవు దిశ ఒత్తిడికి రెట్టింపు ఎందుకుంటుందో అడిగితే, రాకెట్ మోటారు కేసింగ్ నిలువునా ఎందుకు చీలుతుందో దానితో కలిపి చెప్పండి.

తెలియనిది తెలియదని చెప్పడం తప్పు కాదు. “ఇది నాకు తెలియదు సర్, కానీ ఇక్కడి నుంచి ఆలోచిస్తే ఇలా ఉండవచ్చు” అని ప్రయత్నించేవారికి బోర్డు సాయం చేస్తుంది. భాష గురించి భయం వద్దు. ఇంగ్లిష్ తడబడినా సుద్దముక్క తడబడకూడదు. అందుకు ఒక సాధన చెబుతాను: ఇంటర్వ్యూకు నెల ముందు నుంచి రోజూ ఒక అంశం నిలబడి, గోడ మీద నల్లబల్ల ఉన్నట్టు గీస్తూ, పైకి చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మాట ఎక్కడ సాగదీశారో అక్కడే మీకు విషయం తెలియదని అర్థం.

పెళ్ళి గురించి, పిల్లల గురించి ఎవరైనా అడుగుతారేమోనని చాలామంది దిగులు పడతారు. వ్యక్తిగత విషయం వస్తే “ఎక్కడ పోస్టింగ్ ఇచ్చినా చేరతాను సర్” అన్న ఒక్క వాక్యంతో సబ్జెక్టుకు తిరిగి రండి. రైలు టికెట్లు పడేయకండి, బయటి ఊళ్ళ నుంచి వచ్చినవారికి ఛార్జీలు ఇస్తారు. ఏ తరగతి వరకన్నది కాల్ లెటర్‌లో ఉంటుంది.

8. దారి ఒక్కటే కాదు

ఇస్రోలో పోస్టులు తక్కువ. ఒక ప్రకటనలో మూడు వందలు, మరోదాంట్లో అరవై కూడా ఉండవచ్చు. అందుకే రెండో దారి సిద్ధంగా పెట్టుకోండి. హైదరాబాద్‌లోనే 2018లో మొదలైన స్కైరూట్ అనే ప్రైవేటు సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. అదే నెల 26న ధ్రువ స్పేస్ అనే మరో సంస్థ చిన్న ఉపగ్రహాలు రెండు ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్ళాయి. ఇలాంటి సంస్థల్లో గేట్ స్కోరు కంటే మీరు కట్టిన సర్క్యూట్, రాసిన ఎంబెడెడ్ ప్రోగ్రాము, గీసిన డిజైను చూస్తారు. చేరే ముందు, రాత్రి పూట పరికరాల పరీక్షలు జరిగితే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా, లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉందా అని నేరుగా అడగండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి. అడగడం తప్పు కాదు.

పరిశోధన ఇష్టమైతే అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయం, తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వంటివి ఉన్నాయి. ఫెలోషిప్‌లు, ప్రాజెక్టు ఉద్యోగాలు తాత్కాలికమైనవి. పర్మనెంట్ అనుకుని చేరి తర్వాత బాధపడవద్దు.

విదేశాల గురించి క్లుప్తంగా. అమెరికాలో రాకెట్, ఉపగ్రహ కంపెనీల్లో ఎక్కువ ఉద్యోగాలకు ఆయుధ ఎగుమతి నిబంధనల వల్ల ఆ దేశ పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉండాలి. నాసా ప్రభుత్వ ఉద్యోగానికి పౌరసత్వమే కావాలి. 2021 జులై 11న అంతరిక్షం అంచుకు వెళ్ళివచ్చిన బండ్ల శిరీష మన గుంటూరు మూలాల అమ్మాయే అయినా అమెరికాలో పెరిగినవారు. అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్ళే ముందు ఈ నిబంధన గురించి అక్కడ చదువుతున్న సీనియర్లను అడగండి.

9. ఇంట్లో మాట్లాడండి, ఉద్యోగం వచ్చాక కాదు, ముందే

“ఆడపిల్లను ఒంటరిగా తిరువనంతపురం ఎలా పంపుతాం మేడమ్?” అని నియామక పత్రం చేతిలో పట్టుకుని అడిగిన తల్లిని నేను చూశాను. అందుకే ఇంట్లో చెప్పడానికి కొన్ని నిజాలు ఇస్తున్నాను. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది, ఉద్యోగుల కాలనీలు ద్వీపంలోనూ సూళ్ళూరుపేటలోనూ ఉన్నాయి. రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లో, దాని గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో. మొదటి పోస్టింగ్ మన దగ్గరే వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి. జీతం కేంద్ర ప్రభుత్వ లెవెల్ 10, మూల వేతనం 56,100 రూపాయలు, దాని మీద కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం. నిగార్ షాజీ 1987లో శ్రీహరికోటలోనే చేరి, తర్వాత బెంగళూరు వెళ్ళారు. ఇస్రోలో ఉపగ్రహ ప్రాజెక్టుకు తొలి మహిళా డైరెక్టర్ టి.కె. అనూరాధ 1982లో చేరి, 2011లో జీశాట్-12ను నడిపించారు. ఈ ఉద్యోగం ముప్పై ఏళ్ళ లెక్కతో చూడవలసింది.

పిల్లలు పుట్టే వయసులోనే చాలామంది ఆగిపోతారు. ఆగకుండా ఉండటానికి నిబంధనలు తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి 180 రోజుల ప్రసూతి సెలవు, ఇద్దరు పిల్లలు 18 ఏళ్ళ వారయ్యేదాకా మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా రోజులకు 80 శాతం. శిశు సంరక్షణ సెలవును ముందే మంజూరు చేయించుకోవాలి కాబట్టి పిల్ల పదో తరగతి పరీక్షల వంటివి ఉన్నప్పుడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. ఇప్పటికే చదువులో, పరిశోధనలో విరామం వచ్చినవారికి కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం కింద ఫెలోషిప్‌లు ఇస్తుంది.

నియామక పత్రం అందిన రోజు మొదట చేయవలసింది చేరవలసిన చివరి తేదీ చూడటం. తర్వాత వైద్య పరీక్షకు, పోలీసు వెరిఫికేషన్‌కు అడిగిన ఫారాలు చూడండి. వాటిలో చదువుకున్న ఊళ్ళు, ఉన్న చిరునామాలు తేదీలతో సహా రాయమంటారు. హాస్టల్ చిరునామాలు గుర్తుండవు; కాబట్టి ఇప్పుడే, ఈ రాత్రే, ఇంటర్ నుంచి మీరు ఉన్న ప్రతి గది చిరునామా, చేరిన నెల, ఖాళీ చేసిన నెల ఒక కాగితం మీద రాసి మెమోల ఫైలులో పెట్టండి.